గడ్డివామి, నిమ్మతొక్క, నల్లబూజు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

పోయిన నెల ఇదే పేజీలో తవుడు మీద బూజు పెంచి ఎంజైములు (పిండి, పీచులాంటివాటిని అరగదీసే పదార్థాలు) తీస్తారని ఒక చిన్న ముక్క రాశాను. రాసింది పది లైన్లు, వచ్చిన ఉత్తరాలు సంచి నిండా. సగం పైన నెల్లూరు, ప్రకాశం జిల్లాల నుంచే. ఒకే సంగతి అడిగినవాటిని కలిపేశాను. "పార్ట్‌నర్‌గా చేరతారా సార్" అని అడిగినవాళ్లు ఏమీ అనుకోవద్దు, నేను పాఠాలు చెప్పుకు బతికేవాణ్ణి.

ప్రశ్న: సార్, మాది బుచ్చిరెడ్డిపాళెం పక్కన పల్లె. రబీ, ఎడగారు రెండూ వరే. మిషన్‌తో కోయిస్తే గడ్డంతా పొలంలోనే పడుంటుంది. అగ్గి పెట్టొద్దంటారు, కట్టలు కట్టిస్తే కూలి కూడా గిట్టడంలేదు. గడ్డి మీద ఫంగస్ పెంచి ఎంజైమ్ తీస్తే లీటరు వేలల్లో పోతుందని ఒక వీడియోలో చూశాను. మాకు గోడౌను ఒకటి ఖాళీగా ఉంది. ఎంత పెట్టుబడితో మొదలుపెట్టొచ్చు?

జవాబు: ఇప్పటికైతే ఒక్క రూపాయి కూడా పెట్టొద్దు. కారణం చెప్తాను, ఆ తర్వాత నన్ను తిట్టుకున్నా సరే.

వీడియోలో చెప్పింది అబద్ధం కాదు, సగమే చెప్పారు. వరిగడ్డిలో మూడోవంతుకు పైగా సెల్యులోజ్, అంటే గ్లూకోజ్ గొలుసులు. బూజుకు నోరూ లేదు, పొట్టా లేదు. ఎంజైములను బయటికి వదులుతుంది, గడ్డిని బయటే అరగదీసి, వచ్చిన తీపినీళ్లు పీల్చుకుంటుంది. అది బయటికి వదిలినదాన్ని మనం నీళ్లతో కడిగి తీసుకుంటాం, అంతే. ఈ వ్యాపారం కొత్తదేం కాదు. గోధుమ పొట్టు మీద బూజు పెంచి ఎంజైమ్ తీసే పద్ధతికి తకామినె జోకిచి అనే జపాన్ ఆయన 1894లోనే అమెరికాలో పేటెంటు తీసుకుని, దాన్ని అరుగుదల మందుగా అమ్మించాడు. ఇక గడ్డిని అరగదీసే సెల్యులేజ్‌లో పేరున్న బూజు ట్రైకోడెర్మా రీసీ. మీరు మిరప నారుకు, శనగ విత్తనానికి పట్టించే ట్రైకోడెర్మా విరిడి ఉంది చూశారా, దానికి అన్నదమ్ముల వరస. రెండో ప్రపంచ యుద్ధంలో సాలమన్ దీవుల్లో అమెరికా సైన్యం గుడారాలు, నూలు బట్టలు తొందర తొందరగా చీకిపోతుంటే ఎందుకా అని వెతికితే దొరికింది. ఇవాళ ప్రపంచంలో ఫ్యాక్టరీలు వాడే ట్రైకోడెర్మా రీసీ అంతా ఆ ఒక్క గుడారం బూజు సంతానమే.

ఇక వీడియోలో చెప్పని సగం.

గడ్డిలో సెల్యులోజ్ ఊరికే బయట కూర్చుని లేదు. దాని చుట్టూ లిగ్నిన్ జిగురులా పట్టుకుని ఉంటుంది, పైన ఇసుక జాతి సిలికా. అందుకే ముందు గడ్డిని చిన్నగా నరికి, సోడా నీళ్లతోనో ఆవిరితోనో మెత్తబరచాలి. తర్వాత స్టెరిలైజ్ చేయాలి, ఎందుకంటే పొలం నుంచి వచ్చిన గడ్డి మీద అప్పటికే సవాలక్ష బూజులు కాపురం ఉంటాయి, మీరు చల్లినది ఆ గుంపులో ఎక్కడో కొట్టుకుపోతుంది. ల్యాబులో 121 డిగ్రీల ఆవిరిలో 20 నిమిషాలు పెడతాం. గోడౌన్‌లో టన్ను గడ్డిని అలా పెట్టాలంటే బాయిలరు కావాలి, కట్టెలు కావాలి, మనుషులు కావాలి.

అన్నింటికన్నా మోసం చేసేది వేడి. ఇది మీకు నేను చెప్పేదేముంది, తడి ఆరకుండా వామి వేస్తే నాలుగో రోజు లోపల చెయ్యి పెట్టగలరా? బూజు పెరిగేటప్పుడు కూడా అదే వేడి పుడుతుంది. ఒక మే నెలలో మా ల్యాబులో తొందరపడి ట్రేలలో పొట్టు జానెడు మందం నింపాం. మధ్యాహ్నం కరెంటు పోయింది, ఫ్యాన్లు ఆగాయి, సాయంత్రానికి తెరిచి చూస్తే అంచుల్లో తెల్లటి నూగు, నడుమ మాత్రం గోధుమ రంగు ముద్ద, ముక్కు పగిలే అమ్మోనియా వాసన. బూజుకు 28, 30 డిగ్రీలు హాయి, 45 దాటితే నడుమ ఉన్నది చచ్చిపోతుంది, ఆ చోట బాక్టీరియా దిగుతుంది. అప్పట్నుంచి రెండు మూడు సెంటీమీటర్ల మందం దాటనివ్వలేదు. మీ గోడౌన్‌లో ఆ మందంలో పరచాలంటే ఎన్ని అరలు కావాలో లెక్కేసుకోండి.

సరే, ఇవన్నీ దాటారనుకుందాం, డ్రమ్ము నిండా టీ డికాక్షన్ రంగు నీళ్లు వచ్చాయి. కొనేవాడు అడిగే మొదటి మాట "మిల్లీలీటరుకు ఎన్ని యూనిట్లు?" ఎంజైమ్‌ను లీటర్లలో కొనరు సార్, పని చేసే శక్తిని బట్టి కొంటారు. యూనిట్ అంటే నిమిషానికి ఇంత చక్కెర విడగొట్టగలదని లెక్క. ధాన్యం పుట్టికి 850 కిలోలు అని చూసినా సరే, మిల్లువాడు తేమ మీటరు గుచ్చకుండా ధర చెప్తాడా? ఇదీ అంతే. పైగా ఆ నీళ్లు చల్లగా పెట్టకపోతే వారంలో శక్తి సగం కావొచ్చు, మీ కళ్లకు మాత్రం మొదటిరోజు ఎలా ఉందో అలాగే కనిపిస్తుంది. అటు పక్క పోటీ చూడండి: పెద్ద కంపెనీలు స్టీలు ట్యాంకుల్లో, జన్యువులు మార్చిన బూజుతో లీటరుకు 100 గ్రాముల దాకా ప్రొటీన్ (ఎంజైమ్ అంటే ప్రొటీనే) తీస్తున్నాయి. పానిపట్‌లో 2022 ఆగస్టులో ఇండియన్ ఆయిల్ ప్రారంభించిన ప్లాంటు ఏడాదికి 2 లక్షల టన్నుల వరిగడ్డితో 3 కోట్ల లీటర్ల ఇథనాల్ తీయాలనే లెక్కతో కట్టింది. అంత పెద్ద లెక్కలో కూడా ఎంజైమ్ ఖర్చే బరువైన పద్దుల్లో ఒకటి.

మరి గడ్డిని ఏం చేయాలంటే, పుట్టగొడుగులు పెంచి చూడండి. అవీ బూజు జాతే, అదే ఎంజైములతో అదే గడ్డిని తింటాయి, కాకపోతే ఎంజైమ్ బదులు కూర ఇస్తాయి, దాన్ని అమ్మడానికి ల్యాబు రిపోర్టు అక్కర్లేదు. చలికాలంలో ముత్యపు చిప్ప పుట్టగొడుగులు, మన ఎండలకు వరిగడ్డి పుట్టగొడుగులు సరిపోతాయి. మిగతా గడ్డి మీద ట్రైకోడెర్మా, కొంచెం యూరియా, పేడ నీళ్లు చల్లి తడి ఆరకుండా చూసుకుంటే పొలంలోనే ఎరువవుతుంది. కృషి విజ్ఞాన కేంద్రంలో అడిగితే మోతాదులు చెప్తారు. అప్పటికీ ఎంజైమ్ మీద మనసు పోకపోతే, గోడౌను కాదు, ఒక్క ట్రేతో మొదలుపెట్టి ఆ నీళ్లను ఏదైనా యూనివర్సిటీ ల్యాబులో కొలిపించండి. కాగితం మీద అంకె కనబడ్డాక మళ్లీ రాయండి, అప్పుడు పెట్టుబడి మాట్లాడుకుందాం.

ప్రశ్న: సార్, నేను నెల్లూరులో ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ చదువుతున్నాను. వేరుశనగ కాయల పొట్టు మీద ఆస్పర్‌జిల్లస్ నైజర్ అనే నల్లబూజుతో సెల్యులేజ్ తీయడం నా ప్రాజెక్టు. బూజు సరిగా పెరగడం లేదని బెల్లం నీళ్లు కలిపాను. ఇప్పుడు నల్లగా బ్రహ్మాండంగా పెరిగింది గానీ రీడింగ్ ముందుకంటే పడిపోయింది. పైగా చక్కెర కొలిచే డీఎన్ఎస్ పరీక్షలో, రంగు మారకూడని బ్లాంక్ ట్యూబు కూడా ఎర్రగా వస్తోంది. నెలలో వైవా ఉంది, చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: టెన్షన్ ఎందుకమ్మా, నీ ప్రయోగం చక్కగా పనిచేసింది, నువ్వు అనుకున్నది కాకుండా వేరే సంగతి చూపించింది. అల్లుడికి పీట వేసి పప్పన్నం పెడుతుంటే పొలానికి పోతాడా? బెల్లం దొరికినంతసేపూ బూజు సెల్యులోజ్ జోలికి పోదు, సెల్యులేజ్ తయారుచేసే జన్యువులను మూసి పెట్టుకుంటుంది. దీన్నే కెటబొలైట్ రిప్రెషన్ అంటారు. బూజు ఒత్తుగా పెరిగితే ఎంజైమ్ ఎక్కువ వచ్చినట్టే అనుకోవడం అందరూ చేసే పొరపాటు, నేనూ చేశాను. బెల్లం వేసిన ట్రే, వేయని ట్రే పక్కపక్కన పెట్టి రెండు రీడింగులూ థీసిస్‌లో చూపించు, మంచి చాప్టర్ అవుతుంది.

బ్లాంక్ ఎర్రబడటం కూడా ఆ బెల్లం పనే. డీఎన్ఎస్ అనే ఆ పసుపు ద్రావణానికి చక్కెర ఎక్కడి నుంచి వచ్చిందో తెలీదు. గ్లూకోజ్‌లాంటి రెడ్యూసింగ్ షుగర్ ఏది తగిలినా, 5 నిమిషాలు మరిగిస్తే పసుపు పోయి ఇటుక రంగుకు తిరుగుతుంది. వాట్‌మన్ వడపోత కాగితం (అదీ సెల్యులోజే) ముక్క నుంచి ఎంజైమ్ విడగొట్టిన చక్కెరా, నీ ఎక్స్‌ట్రాక్ట్‌లో మిగిలిపోయిన బెల్లం చక్కెరా, రెండూ దానికి ఒకటే. బెల్లంలో ఎక్కువ భాగం సుక్రోజ్ గదా అంటావేమో, నైజర్ దాన్ని ఇన్వర్టేజ్ అనే ఎంజైమ్‌తో ఎప్పుడో గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌లుగా విడగొట్టేసి ఉంటుంది. కాబట్టి మూడు ట్యూబులు విడిగా పెట్టుకో: ఎంజైమ్ కాగితం కలిపినది ఒకటి, కాగితం లేకుండా ఎంజైమ్ ఒక్కటే ఉన్నది, ఎంజైమ్ లేకుండా కాగితం బఫరు మాత్రమే ఉన్నది. మొదటిదాంట్లోంచి మిగతా రెండూ తీసేస్తే వచ్చేదే నీ అసలు రీడింగ్. రెండో ట్యూబు అప్పటికే ముదురు ఎరుపుగా ఉంటే మాత్రం తీసివేతలు నమ్మొద్దు, ఎక్స్‌ట్రాక్ట్‌ను ఒక రాత్రి చల్లటి బఫరులో డయాలిసిస్‌కు (సన్నటి పొర సంచిలోంచి చక్కెర బయటికి పోయేలా) పెట్టి మళ్లీ చెయ్యి. కాగితం ముక్క 1 సెంటీమీటరు వెడల్పు, 6 సెంటీమీటర్ల పొడవు, 50 డిగ్రీల దగ్గర గంట సేపు, 540 నానోమీటర్ల దగ్గర రీడింగ్. ఈ పద్ధతిని అందరూ ఒకేలా చేయాలని 1987లో రాసి పెట్టింది ఐఐటీ ఢిల్లీ ప్రొఫెసర్ టి.కె. ఘోష్. వైవాలో అడిగితే చెప్పు, ఎగ్జామినర్‌కు సంతోషంగా ఉంటుంది.

మరి మొదట బూజు ఎందుకు పెరగలేదు? వేరుశనగ పొట్టులో లిగ్నిన్ చాలా ఎక్కువ, చెక్కతో సమానం. ఒట్టి పొట్టు మీద పెంచమంటే ఏ బూజైనా ఏడుస్తుంది. బెల్లం బదులు సగానికి సగం గోధుమ పొట్టు కలుపు, దాంట్లో నత్రజని ఉంది, నీళ్లు పట్టి ఉంచే గుణం ఉంది. వరి తవుడు కలుపుతానంటే నూనె తీసిన తవుడు తీసుకో, మామూలు తవుడు నూనెతో ముద్దకట్టి గాలి ఆడనివ్వదు. తేమ 60 శాతం ఉండాలంటే మామూలుగా పదో వంతు చెమ్మ ఉండే కిలో పొట్టుకు లీటరుంపావు నీళ్లు పడతాయి. మీటరు లేకపోతే పిడికిట్లో పట్టి పిండు, వేళ్ల సందుల్లో చెమ్మ మెరవాలి, బొట్టు మాత్రం కారకూడదు. నల్లబడేదాకా ఆగకు. నలుపంటే గింజ కట్టే దశ, అప్పటికి ఎంజైమ్ పతాక దశ దాటిపోయి ఉండొచ్చు. మూడో రోజు నుంచి రోజూ ఒక ఫ్లాస్కు తీసి కొలిచి గ్రాఫు గియ్యి.

ఇంకొకటి, ఫ్లాస్కుల్లో ఎక్కడైనా పసుపు కలిసిన ఆకుపచ్చ బూజు కనబడితే మూత తీయకుండా ఆటోక్లేవ్‌లో పెట్టి పారెయ్యి. వేరుశనగతో పాటు వచ్చే ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్ అయ్యుండొచ్చు. దాని సంగతి ఒంగోలు ఉత్తరం దగ్గర చెప్తాను.

ప్రశ్న: సార్, మాది పొదలకూరు, నిమ్మతోటలున్నాయి. ధర పడిపోతే కాయలు యార్డు బయట పారబోసి వస్తారు, చూడలేక ఇంటికి తెచ్చి బెల్లం 1, తొక్కలు 3, నీళ్లు 10 పాళ్లుగా కలిపి మూడు నెలలు పెట్టి బయో ఎంజైమ్ చేశాను. ఇల్లు తుడిస్తే బాగుంది. మీరు రాసిన ఎంజైమ్ ఇదేనా? బాటిళ్లలో పోసి అమ్మొచ్చా?

జవాబు: పేరు ఒకటేనమ్మా, సరుకు వేరు. మీ డబ్బాలో ముందు ఈస్టులు బెల్లాన్ని సారా చేస్తాయి, తర్వాత బాక్టీరియా దాన్ని వెనిగర్ చేస్తాయి. మూడు నెలల తర్వాత నేలను శుభ్రం చేస్తున్నది ముఖ్యంగా ఆ పులుపు, తొక్కల్లో నూనె. ఎంజైమ్ కొంచెం ఉంటే ఉండొచ్చు, ఆ పులుపులో మూడు నెలలు బతికి ఉండేది తక్కువ. కాబట్టి అమ్మితే పుల్లటి నేల తుడిచే నీళ్లని అమ్మండి, ఎంజైమ్ అని లేబుల్ వేస్తే ఎవరైనా కొలిపిస్తే ఇబ్బంది.

చీమకుర్తి గ్రానైట్ నేలకు ఏం కాదు గానీ మార్బుల్ మీద, నాపరాళ్ల మీద వాడితే మెరుపు పోతుంది. మొదటి నెల రోజూ మూత వదులు చేయాలి, గాజు సీసాలో బిగించి పెడితే పగులుతుంది. అన్నింటికన్నా ముఖ్యం, దీన్ని బ్లీచింగ్ పౌడరుతో కలిపి బాత్‌రూమ్‌లో పోయొద్దు. ఆమ్లం, బ్లీచింగ్ కలిస్తే క్లోరిన్ గ్యాస్ వస్తుంది, ఇరుకు గదిలో ప్రాణం మీదికి తెస్తుంది.

అసలు ఎంజైమ్ మాత్రం మీ తొక్కల నుంచి బాగానే వస్తుంది. నిమ్మతొక్కలో పెక్టిన్ అనే జిగురు పదార్థం మెండు. ఆస్పర్‌జిల్లస్ నైజర్‌కు ఆ పెక్టిన్ చూపిస్తే పెక్టినేజ్ వదులుతుంది, పండ్లరసాల ఫ్యాక్టరీల్లో మడ్డిగా ఉన్న రసాన్ని తేటగా చేసేది ఆ పెక్టినేజే. చిక్కల్లా తొక్క నూనెలోని లిమొనీన్‌తో, అది సూక్ష్మజీవులకు పడదు. తొక్కలను ఆవిరి పట్టి నూనె తీసేసి, ఎండబెట్టి, పొట్టుతో కలిపి పెంచాలి. ఆ నూనెకు విడిగా ధర ఉంటుంది. నన్నడిగితే మీ ఊళ్లో ముందు లాభం చూపించేది ఆ నూనే, ఎంజైమ్ తర్వాత సంగతి.

ప్రశ్న: ఒంగోలు దగ్గర పాడి చేస్తున్నాం సార్. ఫంగస్ పెంచిన గడ్డిలో ప్రొటీన్ పెరుగుతుందట కదా. వానకు తడిసి బూజు పట్టిన గడ్డి ఎటూ ఉంది, గేదెలకు వేయొచ్చా?

జవాబు: వద్దు. ల్యాబులో ఫలానా బూజు అని తెలిసి పెంచింది వేరు, వానకు పట్టింది వేరు. దాంట్లో ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్ ఉంటే అఫ్లటాక్సిన్ అనే విషం ఉండొచ్చు. 1960లో ఇంగ్లాండులో లక్ష టర్కీ కోళ్లు చచ్చిపోతే రోగమేంటో తెలీక ఎక్స్ అని పేరు పెట్టారు, చివరికి దాణాలో కలిపిన వేరుశనగ చెక్కలో తేలింది ఈ విషం. ఉడకబెట్టినా పోదు. గేదె తింటే పాలలోకి ఎమ్1 రూపంలో దిగుతుంది, పాలు కాచినా ఉంటుంది, తాగేది పిల్లలు. అందుకే మన దేశంలో పాలకు కిలోకు 0.5 మైక్రోగ్రాముల హద్దు పెట్టారు.

గడ్డి బలం పెంచాలంటే పాత పద్ధతే మేలు. 100 కిలోల బూజు లేని ఎండుగడ్డికి 4 కిలోల యూరియా 50, 60 లీటర్ల నీళ్లలో గింజ మిగలకుండా కరిగించి, పొరలు పొరలుగా చల్లి తొక్కి, పట్టా కప్పి మూడు వారాలు గాలి చొరకుండా ఉంచండి. తీశాక ఘాటు పోయేదాకా ఆరబెట్టి, మొదట కొద్దికొద్దిగా అలవాటు చేయండి. ఆరు నెలల లోపు దూడలకు మాత్రం పెట్టొద్దు.

ప్రశ్న: కందుకూరు వైపు పొగాకు కాడలు కుప్పలు పడుంటాయి, వాటి మీద పెంచొచ్చా?

జవాబు: నికోటిన్, పైగా చెక్కలాంటి గట్టి కాడ. మొదటి ప్రయత్నానికి అంత మొండి సరుకు ఎంచుకోవద్దు.

ప్రశ్న: మాకు కావలి దగ్గర రొయ్యల చెరువులున్నాయి. తలకాయలు, పెంకులు కూడా వ్యవసాయ వ్యర్థాల కిందే లెక్కా?

జవాబు: లెక్కే, గడ్డికన్నా ఆసక్తిగా ఉండే లెక్క. పెంకులో ఉండేది కైటిన్ అనే గట్టి పదార్థం. బూజుల గోడలు కూడా కైటిన్‌తోనే కట్టి ఉంటాయి, ట్రైకోడెర్మా హర్జియానమ్ మొక్కల రోగాలు తెచ్చే బూజులను పట్టి తినేది ఆ గోడను కైటినేజ్‌తో కరిగించే. పొట్టులో శుభ్రంగా కడిగి ఎండబెట్టిన పెంకు పొడి కొంచెం కలిపితే అది శత్రువు వచ్చిందనుకుని కైటినేజ్ వదులుతుంది. పచ్చి తలకాయలు మాత్రం వేయొద్దు, ఒక్క రాత్రిలో కుళ్లి ఆ వాసనకు ఊరంతా మీ ఇంటి మీదికి వస్తుంది. బూజు బాగా పెరిగిన ట్రే దగ్గర కొబ్బరి వాసన తగులుతుంది, చాలా రకాల ట్రైకోడెర్మాలకు అది సహజం. ఆ వాసన బదులు నీచు వాసన వచ్చిందంటే బాక్టీరియా గెలిచిందని అర్థం.

ప్రశ్న: మా అబ్బాయి కాలేజీ ప్రాజెక్టులో నల్ల ఫంగస్ పెంచుతున్నాడట. కరోనా అప్పుడు మా బంధువుల్లో ఒకాయనకు బ్లాక్ ఫంగస్ వచ్చి కన్ను తీసేశారు. వాడికి చిన్నప్పటి నుంచి ఉబ్బసం. మాన్పించమంటారా? (కోవూరు నుంచి ఒక తల్లి)

జవాబు: అది వేరు, ఇది వేరు అమ్మా. కరోనాలో వచ్చినది మ్యూకర్ జాతి, అసలు దాని రంగు నలుపు కాదు, అది సోకి చచ్చిన కండ నల్లబడుతుంది కాబట్టి ఆ పేరు వచ్చింది. మీ అబ్బాయిది ఆస్పర్‌జిల్లస్ నైజర్ అయ్యుంటుంది. దాంతో నిమ్మ ఉప్పు, అదే సిట్రిక్ యాసిడ్, తీయొచ్చని 1917లో జేమ్స్ కరీ అనే ఆయన చూపించినప్పటి నుంచీ ఫ్యాక్టరీల్లో పెంచుతున్నారు. మనం తాగే చాలా కూల్‌డ్రింకుల్లో పులుపు దాని చలవే.

అయితే ఉబ్బసం సంగతి మీరు అడగడం మంచిదైంది. నల్లబడిన ట్రే ఎండాక మూత తీస్తే మసిలాంటి పొడి లేస్తుంది, అవన్నీ విత్తనాలు, ఉబ్బసం ఉన్నవాళ్ల ఊపిరితిత్తులకు అస్సలు మంచివి కావు. ఎండిన ఎంజైమ్ పొడి కూడా అంతే, 1960ల చివర్లో ఇంగ్లాండులో ఎంజైమ్ కలిపిన సబ్బుపొడి ఫ్యాక్టరీ పనివాళ్లకు ఆయాసం పట్టుకుంది దానివల్లే. ప్రాజెక్టు మాన్పించక్కర్లేదు. ట్రేలు తెరిచే పని, పొడి చేసే పని జట్టులో వేరేవాళ్లకు ఇచ్చి, మీ అబ్బాయికి నీళ్లలో తీసిన ఎక్స్‌ట్రాక్ట్ కొలిచే పని ఇవ్వమని వాళ్ల సార్‌తో మాట్లాడండి. ఆ గదిలోకి వెళ్లక తప్పకపోతే గుడ్డ మాస్కు కాదు, ఎన్95 పెట్టుకోమనండి, ఇన్‌హేలర్ జేబులో ఉంచుకోమనండి, వేసుకున్న చొక్కా ఇంటికి రాగానే విడిగా నానబెట్టమనండి.